ముఖాన్ని పొరలుగా చదివిన యంత్రం

బైకు మీద నుంచి బోర్లా పడ్డ మనిషి ఆసుపత్రికి చేరేసరికి ముఖం వాచిపోతుంది. కళ్లు మూసుకుపోతాయి. చెంప ఎముక నొక్కుకుపోయిందా, కనుగుంత అడుగు పగిలిందా అన్నది చేత్తో తడిమి చెప్పడం కష్టం. 2022లో మన దేశంలో జరిగిన 4.61 లక్షల రోడ్డు ప్రమాదాల్లో 1.68 లక్షల మంది చనిపోయారు. వాళ్లలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాలపై వెళ్తున్నవాళ్లే. నెత్తిని మాత్రమే కప్పే టోపీ హెల్మెట్లు దవడకు, ముక్కుకు ఏ రక్షణా ఇవ్వవు.

ముఖం ఎలా విరుగుతుందో మొదట పద్ధతిగా గమనించినవాడు రెనె లెఫోర్ అనే ఫ్రెంచి సర్జన్. దుడ్డుకర్రతో మోది, బల్ల అంచుకు కొట్టి, శవాల ముఖాలను విరగ్గొట్టి, తర్వాత మాంసం తీసేసి పుర్రెల మీద పగుళ్లను పరిశీలించాడు. వినడానికి ఘోరంగానే ఉంటుంది. అయితే 35 తలల మీద చేసిన ఆ పనితో ఒక సంగతి తేలింది: ముఖం ఎలా పడితే అలా పగలదు, కొన్ని బలహీనమైన గీతల వెంబడే విడిపోతుంది. 1901లో ఆయన చెప్పిన మూడు రకాల విరుగుళ్లను డాక్టర్లు ఇప్పటికీ లెఫోర్ ఒకటి, రెండు, మూడు అనే పిలుస్తారు.

పగుళ్ల దారులు తెలిశాయి సరే, బతికున్న మనిషిలో వాటిని చూసేదెలా? ఎక్స్‌రే ఉంది. కానీ అందులో ముఖం ముందున్న ఎముకల మీద తల వెనకున్న ఎముకల నీడ పడుతుంది. 1915 నుంచీ తలను ఫలానా కోణంలో వంచి తీసే పద్ధతులు వచ్చినా, అన్నీ ఒకే ఫిల్మ్ మీద కలగాపులగమయ్యేవి. కనుగుంత అడుగు ఎముకైతే అప్పడమంత పలచన. అది విరిగిందని ఎక్స్‌రేలో పట్టడం చాలాసార్లు ఊహే.

ఈ చిక్కు విప్పినవాడు డాక్టరు కాదు. గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళంలో రాడార్ పని నేర్చిన ఇంజనీరు. యూనివర్సిటీ డిగ్రీ లేదు. ఈఎంఐ కంపెనీలో కంప్యూటర్లు తయారుచేస్తూ, 1967లో ఆయనకో ఆలోచన వచ్చింది: తల చుట్టూ అన్ని కోణాల నుంచీ కిరణాలు పంపి, ఎక్కడ ఎంత ఆగిపోయాయో కొలిస్తే, లోపల ఒక్కో బిందువు ఎంత సాంద్రంగా ఉందో లెక్కగట్టవచ్చు కదా! అందుకు కావలసిన గణితాన్ని దక్షిణాఫ్రికాలో పుట్టిన అలన్ కార్మాక్ 1963, 64ల్లోనే ప్రచురించాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. హౌన్స్‌ఫీల్డ్‌కూ ఆ సంగతి తెలియదు.

మొదటి నమూనాను పాత లేత్ మీద బిగించారు. ఒక్క బొమ్మకు కొలతలు తీయడానికే తొమ్మిది రోజులు! ఎక్స్‌రే గొట్టం పెట్టాక అది తొమ్మిది గంటలకు దిగింది. పరీక్షల కోసం ఎద్దు మెదడును సంచిలో పెట్టుకుని హౌన్స్‌ఫీల్డ్ లండన్ నగరం ఈ కొస నుంచి ఆ కొసకు మోసుకొచ్చేవాడు. బీటిల్స్ పాటల రికార్డుల మీద ఈఎంఐకి వచ్చిన డబ్బుతోనే ఈ యంత్రం పుట్టిందన్న కథ జనానికి భలే ఇష్టం. నిజానికి బ్రిటిష్ ఆరోగ్య శాఖ పెట్టిన సొమ్మే ఎక్కువని తర్వాత లెక్కలు తీసినవాళ్లు తేల్చారు.

1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మార్లీ ఆసుపత్రిలో ఒక మహిళ తలను ఈ యంత్రంతో తొలిసారి స్కాన్ చేశారు. ఇప్పుడు మనం సీటీ స్కాన్ అంటున్నది దీన్నే. మెదడు ముందు భాగంలో తిత్తి గుండ్రంగా, నల్లగా కనిపించింది. 1979లో హౌన్స్‌ఫీల్డ్‌కూ కార్మాక్‌కూ కలిపి నోబెల్ ఇచ్చారు.

ఆ తొలి యంత్రం మెదడుకు బాగానే పనికొచ్చింది, ముఖానికి మాత్రం మొరటు. ఒక్కో పొర దాదాపు 13 మిల్లీమీటర్ల మందం. సన్నటి ఎముక అందులో ఆనవాలు లేకుండా కలిసిపోతుంది. పొరలు పలచబడ్డాక ఇంకో ఇబ్బంది. కనుగుంత అడుగును సరిగా చూడాలంటే ముఖాన్ని ఎదురుగా నిలువు పొరలుగా కోసినట్టు తీయాలి. అందుకు రోగి మెడను బాగా వెనక్కి వంచి పడుకోవాలి. ప్రమాదంలో మెడ ఎముక కూడా దెబ్బతిందేమోనన్న అనుమానమున్నవాడిని అలా వంచడానికి ఎవరికి ధైర్యం వస్తుంది?

1989 ప్రాంతంలో బల్ల కదులుతుండగా గొట్టం ఆగకుండా తిరిగే స్పైరల్ సీటీ వచ్చింది. దశాబ్దం తిరక్కముందే ఒకేసారి అనేక పొరలు తీసే యంత్రాలొచ్చాయి. ఇప్పుడు రోగి వెల్లకిలా కదలకుండా పడుకుంటే చాలు. మిల్లీమీటరు కంటే పలచని పొరలు కొన్ని సెకన్లలో వస్తాయి. వాటినే కంప్యూటర్ నిలువుగానూ, పక్కగానూ తిరిగి పేరుస్తుంది. పూర్తి పుర్రెను తెర మీద తిప్పి చూపిస్తుంది. బాగున్న వైపు ఎముకను అద్దంలోలా తిప్పి, విరిగిన వైపు ఎలా ఉండాలో సర్జన్ ముందే చూసుకుంటాడు. త్రీడీ ప్రింటర్‌లో ఆ నమూనా తీసి, టైటానియం ప్లేటును ఆపరేషన్‌కు ముందే దానిమీద వంచి పెట్టుకునేవాళ్లూ ఉన్నారు.

అయినా దీనికీ గుడ్డిచోట్లున్నాయి. పిల్లల ఎముక మెత్తన. దెబ్బ తగిలినప్పుడు కనుగుంత అడుగు ఒక్కసారి తెరుచుకుని, కంటి కండరాన్ని పట్టుకుని మళ్లీ మూసుకుంటుంది. స్కాన్‌లో పగులు కనిపించీ కనిపించనట్టుంటుంది, కన్ను ఎర్రబడి కూడా ఉండదు. పైకి చూడమంటే మాత్రం పిల్లవాడు చూడలేడు, వాంతి చేసుకుంటాడు, నాడి నెమ్మదిస్తుంది. తల దెబ్బ వల్లే వాంతులని పొరబడితే, నలిగిన కండరం దెబ్బతింటుంది. అందుకే ఇలాంటి పిల్లలకు వీలైనంత త్వరగా, ఒకటి రెండు రోజుల్లోపే ఆపరేషన్ చేసి ఆ కండరాన్ని విడిపిస్తారు.