ఈసీయూ మారిస్తే డిఫరెన్షియల్ మాట వింటుందా?

రాత్రి పదకొండింటికి బాపట్ల నుంచి మా బావ వాట్సాప్‌లో ఓ స్క్రీన్‌షాట్ పంపాడు. కార్ట్‌లో స్టాండలోన్ ఈసీయూ, ధర లక్షకు పైనే. కింద ఒకటే లైను: ‘‘ఒరేయ్, నువ్వు సాఫ్ట్‌వేరే కదా, ఇది మన కారుకి పనిచేస్తుందా?’’

మన కారంటే స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్ 245. 2020లో మన దేశంలో అమ్మకానికి పెట్టింది 200 మాత్రమే. బావ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. 245 పీఎస్ పవర్, 370 న్యూటన్ మీటర్ల టార్క్, మొత్తం ముందు చక్రాలకే. సూర్యలంక రోడ్డుకి అది కూడా చాలలేదు కాబోలు!

ఆదివారం తెనాలిలో రైలెక్కి రేపల్లెలో మామయ్య ఇంటికెళ్లాను. బావ కూడా వచ్చాడు. డిఫరెన్షియల్ గురించి చెప్పడానికి నేనేం కష్టపడలేదు. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టర్ చక్రం ఒకటి బురదలో గిర్రున తిరుగుతుంటే రెండోది కదలదు, అది చిన్నప్పటి నుంచి చూసిందే. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం వెళ్లాలి కాబట్టి రెండూ వేరు వేరు వేగాల్లో తిరగనిస్తుంది డిఫరెన్షియల్. కానీ టార్క్ మాత్రం రెండింటికీ సమానంగానే పంచుతుంది. జారే చక్రం ఎంత తక్కువ తీసుకుంటే గట్టి నేల మీదున్నదానికీ అంతే. అప్పుడే మామయ్య డిఫ్ లాక్ పెడల్ తొక్కుతాడు. మలుపు తిప్పేముందు వదిలేస్తాడు, లేకపోతే బండి తిరగదు.

లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఆ పెడల్ పనినే తనంతట తాను, కావలసినంత మేరకే చేస్తుంది. కొన్ని మాజ్దా మియాటాల్లో వచ్చిన టోర్సెన్ లాంటివి పూర్తిగా గేర్లతో పనిచేస్తాయి. పైన ఏ ఈసీయూ పెట్టినా వాటికి పట్టదు.

చిక్కేంటంటే, బావ కారులోది ఎలక్ట్రానిక్ రకం. కుడి డ్రైవ్‌షాఫ్ట్ వైపు క్లచ్ ప్లేట్లు, వాటిని ఆయిల్ ప్రెషర్‌తో నొక్కే పంపు, దానికో కంట్రోల్ యూనిట్. ఎంత నొక్కాలో దానికెలా తెలుస్తుంది? చక్రాల వేగం ఏబీఎస్ చెబుతుంది, ఇంజన్ ఎంత టార్క్ ఇస్తోందో ఈసీయూ చెబుతుంది. ఈ కబుర్లన్నీ నడిచేది క్యాన్ బస్ మీద. బాష్ 1986లో బయటపెట్టిన ఆ పద్ధతి ఇప్పటికీ కార్లలో ఉంది.

మా ఆఫీసులో ఓసారి పాత సర్వీస్ తీసేసి కొత్తది పెట్టాం. టెస్టులన్నీ గ్రీన్. పాతది పంపే ఒక మెసేజ్ మీద ఇంకో టీమ్ ఆధారపడి ఉందని ఎవరికీ గుర్తులేదు. ఆ రాత్రి శివరాత్రే!

ఇక్కడా అంతే. స్టాండలోన్ ఈసీయూతో ఇంజన్ బ్రహ్మాండంగా తిరగొచ్చు. కానీ టార్క్ మెసేజ్ పాత ఫార్మాట్‌లోనే వెళ్లకపోతే డిఫరెన్షియల్ యూనిట్ ఫాల్ట్ చూపించి చేతులెత్తేస్తుంది. లక్ష పోసి మామూలు డిఫరెన్షియల్ తెచ్చుకున్నట్టు. పైగా డీఎస్‌జీ గేర్‌బాక్స్ కూడా ఆ లెక్క చూసుకునే క్లచ్‌లు బిగిస్తుంది.

‘‘పోనీ రీమ్యాప్ చేయిస్తే?’’ అన్నాడు బావ. మంచి ప్రశ్నే. ఈసీయూ అదే ఉంటుంది కాబట్టి కబుర్లు ఆగవు. కానీ ట్యూనర్ టార్క్ లెక్కలు సరిగ్గా దిద్దకపోతే ఈసీయూ అబద్ధం చెబుతుంది. ఇంజన్ 450 ఇస్తుంటే 370 అంటుంది. క్లచ్‌లు 370కే సిద్ధపడి, జారి, వేడెక్కుతాయి. వానలో కాలువ గట్టు రోడ్డు మీద పట్టు ఒక్కసారిగా మారితే స్టీరింగ్ ఎటు లాగుతుందో ఊహించుకోండి. నాకు నిజంగా భయమేసింది ఇక్కడే. వారానికి మూడుసార్లు బావ పక్క సీట్లో మా అక్క ఉంటుంది.

చట్టం సంగతీ చెప్పాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్లు ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. బావ అది విన్నట్టు నటించాడు.

చివరికి అమ్మేవాళ్లకి ఓ మెయిల్ పెట్టించాను: ‘ఈ మోడల్‌లో గేర్‌బాక్స్‌కి, డిఫరెన్షియల్‌కి, ఏబీఎస్‌కి వెళ్లే మెసేజ్‌లన్నీ మీ ఈసీయూ పంపుతుందా?’ జవాబొచ్చింది. ఇంజన్‌కి ఢోకా లేదట. డిఫరెన్షియల్ ఊసే లేదు.

కార్ట్‌లోంచి బావ దాన్ని ఇంకా తీసేయలేదు. కాకపోతే ముందు టైర్లు రెండూ మార్పించాడు. అంతా విన్న మామయ్య మాత్రం ఒకటే అడిగాడు: ‘‘అంత పెట్టి కొన్న బండికి ఆ పెడలేదో ఇవ్వలేదేంట్రా?’’