పిడుగునకు త్రోవ

నేడు ఊరూర నినుప స్తంభములు లేచినవి. రేడియో ప్రసారమునకు కొన్ని, సెల్‌ఫోనులకు మఱికొన్ని. పొలమున నొక మూలనో, పట్టణమున మేడకప్పునో ఇందులకై యద్దెకిచ్చినవారు మనలో పెక్కురు. అద్దె యెంత, గడువెంత యని విచారించుటయే కాని, ఆ టవరుమీద పిడుగు పడినచో నది యే త్రోవను భూమిలోనికి దిగునని యడుగువా రరుదు. ప్రాణములకు సంబంధించిన ప్రశ్న యిదియే.

పిడుగును ఆపుట మానవునకు వశము గాదు; దానికి త్రోవ చూపుట మాత్రమే వశము. 18వ శతాబ్దమున బెంజమిన్ ఫ్రాంక్లిన్ లోకమునకు బోధించిన సూత్ర మిదియే. ఆ త్రోవ నడుమ తెగినచో నేమగునో 1753లో సెంటుపీటర్సుబర్గున రుజువైనది. రిఖ్‌మన్ అను శాస్త్రజ్ఞుడు మేఘములలోని విద్యుత్తును కొలుచుటకై ఇంటికప్పుపై నినుపకడ్డీ నిలిపి, దానిని భూమితో కలుపక, గదిలోని పరికరమునకు తగిలించెను. ఉఱుములతో మబ్బు పట్టిన వేళ నాతడు పరికరము చెంతకు పోగా, పిడుగు నుదుట తాకి ప్రాణము తీసెను.

“మేము ఎర్తు వేసినా”మని టవరువారు చెప్పుదురు. అది యొక్కటే చాలదు. స్తంభమున కొక యెర్తు, కరెంటు మీటరునకు వేఱొకటి, యంత్రముల గదికి ఇంకొకటి విడివిడిగా నున్నచో ప్రమాదము తొలగదు. లెక్క చూడుడు. పిడుగులో 30,000 ఆంపియరుల ప్రవాహము సామాన్యము. స్తంభపు ఎర్తు నిరోధము 10 ఓములైనచో, స్తంభపాదమున 3,00,000 వోల్టుల యొత్తిడి యేర్పడును. దూరముననున్న కరెంటు ఎర్తునకు ఆ యొత్తిడి లేదు. ఈ రెంటికి నడుమనున్న యంత్రమును, దానిని ముట్టుకొన్న మనుష్యుడును ఆ ప్రవాహమునకు వంతెన యగుదురు. ఎర్తులన్నిటిని రాగిపట్టీతో కలిపి యొక్కటి చేసినచో, ఒత్తిడి పెరిగినను అన్నిటియందును ఒక్కసారిగా పెరుగును. భేదము మిక్కిలి తగ్గును. వరదకు పడవ లేచినపుడు అందలివారందఱు కలిసి లేచినట్లే.

స్తంభము నుండి దిగు కేబుళ్ల లోహపు తొడుగును పైనను, పాదమునను, గదిలోనికి పోవుచోటను ఎర్తుతో కలుపవలెను. ఎర్తుపట్టీ పొట్టిగను, వంకరలు లేకయు నుండవలెను. పిడుగు ప్రవాహము సెకండులో పదిలక్షలవ వంతులు కొన్నిటిలోనే శిఖర మందును. అంత వేగమునకు ఒక మీటరు తీగయందే వేలకొలది వోల్టులు పుట్టును. వంపు దిరిగినచోట అది ప్రక్కనున్న దానిమీదికి దుముకవచ్చును. రాతినేలలో ఒక కడ్డీ చాలదు. పెక్కు కడ్డీలు పాతి కలుపవలెను. వేసవిలో నేల యెండినకొలది నిరోధము పెరుగును గాన, తొలకరికి ముందే కొలిపించుట మేలు.

రైతులు మఱియొకటి గమనింపవలెను. స్తంభమునకు దూరమైనకొలది నేలలోని యొత్తిడి తగ్గుచుండును. అందుచే చేరువ నిలిచిన పశువు ముందుకాళ్లకును వెనుకకాళ్లకును నడుమ భేద మేర్పడి, ప్రవాహము గుండెమీదుగా పోవును. గాలివానలో గొడ్లను టవరు చెంత కట్టరాదు.

ఎర్తింగునకు భారతీయ ప్రమాణముల సంస్థ ఐ.యస్. 3043 అను నియమావళిని ప్రకటించియున్నది. నియమము కాగితముమీద నున్నంత మాత్రమున పిడుగు మన్నింపదు. రాగిపట్టీని దొంగ కోసికొనిపోయినను ప్రసారము నిలువదు. కావున ఆ లోపము ఎవరికిని తెలియకయే యుండును. తెలియునది పిడుగు పడిన నాడే. ఏటేట ఎర్తు పరీక్షించి ఫలితము చూపవలెనని అద్దె యొప్పందములోనే వ్రాయించుకొనుడు. స్థలము గలవాని కిది హక్కు. ఇరుగుపొరుగువారి యెడల ధర్మము కూడ.