సముద్రపుటడుగున సున్నపు గూళ్లు

నిజామాబాదు నుండి బోధను మీదుగా మద్నూరు వైపు పోవుకొలది నేల నలుపెక్కును. 1931లో పూర్తియైన నిజాంసాగరపు నీరు ఈ రేగడిలో చెఱకు పండించినది. ఆ చెఱకును నమ్మి 1937లో శక్కరునగరమున నెలకొన్న కర్మాగారము 2015లో మూతపడినది. నేల కథ మాత్రము మిక్కిలి పాతది. సుమారు 6 కోట్ల 60 లక్షల యేండ్ల క్రిందట దక్కను పీఠభూమిని ముంచిన లావాయే చల్లాఱి, శిథిలమై, యీ నల్లమన్నైనది.

గోదావరి కందకుర్తి కడ మంజీరను గలుపుకొని తూర్పునకు బోవునట్లే, ఆ లావాయు రాజమహేంద్రవరపు సముద్రతీరము దాక ప్రవహించినది. అచ్చటి కాటేరు, గౌరీపట్నముల రాతిగనులలో రెండు లావాపొరల నడుమ సముద్రపు సున్నపురాయి చిక్కుకొని యున్నది. దానిలో ఫొరామినిఫెరా యను ఏకకణజీవుల సున్నపు గూళ్లు గలవు. పెక్కులు చక్కెరపలుకు కన్నను చిన్నవి. ఇవి యొక మహావిపత్తు పిమ్మట పైనీట తలయెత్తిన తొలి జాతులని గెర్టా కెల్లరు మొదలగువారు 2008లో ప్రకటించిరి. అంతకు మున్ను మెక్సికో తీరమున గ్రహశకలము పడిన కాలమున, రాక్షసిబల్లులతో బాటు, పైనీటి ఫొరామినిఫెరా జాతులలో నూటికి 90కి పైగా నశించినవి.

లోతుసముద్రపు బురదలోని జాతులు మాత్రము చాలవఱకు బ్రదికినవి. మాకు వింతగా దోచునది యిదియే: ఆ పిడుగునకు చావని జీవులు, మఱి కోటి యేండ్లకు వేడిమికి చచ్చినవి.

5 కోట్ల 60 లక్షల యేండ్ల క్రిందట గాలిలో బొగ్గుపులుసుగాలి విపరీతముగా హెచ్చెను. లోతునీరు సుమారు 5 డిగ్రీలు వెచ్చనయ్యెను. వెచ్చని నీట ప్రాణవాయువు తక్కువగా నిలుచును. పైగా బొగ్గుపులుసుగాలి కలసిన నీటికి పులుపు గుణము వచ్చును. నిమ్మరసమున వేసిన గ్రుడ్డుపెంకు నురుగుగట్టి కరగుటను సోదరీమణులు వంటయింటనే చూడవచ్చును. చల్లని లోతే వాని యిల్లు. ఆ యిల్లే వేడెక్కిన నెచ్చటికి బోవును? లోతు జాతులలో నూటికి 30 మొదలు 50 వఱకు శాశ్వతముగా నంతరించినవి.

ఇంత ప్రాచీనమైన వేడిమి యెట్లు తెలిసెనందురేమో. ప్రాణవాయువులో తేలికైనదియు బరువైనదియు గలవు. చల్లనినీట గట్టిన గూటిలో బరువైనది కొంచెము హెచ్చు. ఆ పాళ్లను బట్టియే నీటి వేడిమిని లెక్కగట్టుదురు.

నాడు వేలకొలది యేండ్లలో వెలువడిన బొగ్గుపులుసుగాలిని, నేడు బొగ్గును నూనెను గాల్చి మనము అంతకంటె మిక్కిలి వేగముగా వదలుచున్నాము. నాటి వేడిమి తగ్గుటకు లక్షయేండ్లకు పైగా పట్టినది. లోతుసముద్రమున గొట్టములు దించి పైకి దీసిన మట్టిలో, తెల్లని సున్నపు పొరల నడుమ, గూళ్లన్నియు కరగిపోయిన ఆ కాలపుచోట ఎఱ్ఱని బంకమన్ను చాఱ నేటికిని గానవచ్చుచున్నది.