రిపేర్ అయిపోయింది, క్రాష్ మాత్రం పోలేదు!

పోయిన నెల ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో ఒక టూల్‌కి చెందిన డీఎల్ఎల్ ఫైల్ తీసేసి, దాని స్థానంలో నేను బిల్డ్ చేసిన టెస్ట్ కాపీ పెట్టాను. తర్వాత ఆ సంగతే మర్చిపోయా. సరిగ్గా రిలీజ్ రోజు పొద్దున టూల్ ఓపెన్ చేయగానే క్రాష్! కమాండ్ లైన్ నుంచి రెండుసార్లు రిపేర్ కొట్టాను. ఎర్రర్ ఏమీ రాలేదు, క్రాష్ కూడా పోలేదు.

అసలు విషయం ఏంటంటే, ఎంఎస్ఐ ప్యాకేజీలను నడిపే విండోస్ ఇన్‌స్టాలర్ రిపేర్ అనగానే అన్ని ఫైళ్లనూ మళ్లీ కాపీ చేయదు. ఎంఎస్ఐఎగ్జెక్ కమాండ్‌కి ఉత్త /ఎఫ్ ఇస్తే, ఫైల్ లేకపోయినా, పాత వెర్షన్ ఉన్నా మాత్రమే మారుస్తుంది. నా టెస్ట్ కాపీదీ అదే వెర్షన్ నంబర్. ఇంకేముంది, బాగానే ఉందనుకుని వదిలేసింది.

వెర్షన్ నంబరే లేని కాన్ఫిగ్ ఫైళ్లకు రూల్ వేరు. క్రియేట్ అయిన తేదీ కంటే మాడిఫై అయిన తేదీ తర్వాతిదైతే, యూజర్ మార్చుకున్నాడని మామూలుగా దాని జోలికి పోదు. ఈ రూల్ నాకు నచ్చింది. గంటలు కూర్చుని పెట్టుకున్న సెట్టింగ్స్ కదా మరి!

/ఎఫ్ఏ ఇస్తే అన్నీ బలవంతంగా మారతాయి. కానీ ఆ సెట్టింగ్స్ కూడా పోవచ్చు, వేరే ప్రోగ్రామ్ పెట్టిన కొత్త డీఎల్ఎల్ స్థానంలో పాతది వచ్చి కూర్చోవచ్చు. రిలీజ్ రోజు అంత రిస్క్ ఎందుకని, ఆ ఒక్క డీఎల్ఎల్‌ పేరు మార్చి మామూలు రిపేరే మళ్లీ కొట్టాను. ఈసారి ఫైల్ కనిపించలేదు కాబట్టి ఒరిజినల్ తెచ్చి పెట్టింది. టూల్ ఓపెన్ అయింది.