మీకు తెలుసా? మూత్ర పరీక్ష, ఆటిజం, ఫంగస్ మందులు

శరీర కణాలూ పేగుల్లోని సూక్ష్మజీవులూ తయారుచేసే చిన్న అణువులను మెటబొలైట్లు అంటారు. వాటిలో చాలావాటిని మూత్రపిండాలు వడకట్టి మూత్రంలోకి పంపుతాయి.

● 1995లో అమెరికాలో విలియం షా బృందం, ఆటిజం లక్షణాలున్న ఇద్దరు అన్నదమ్ముల మూత్రంలో అరబినోజ్ అనే చక్కెర, కొన్ని సేంద్రియ ఆమ్లాలు ఎక్కువగా ఉన్నాయని ‘క్లినికల్ కెమిస్ట్రీ’ పత్రికలో ప్రచురించింది.

● ఇవి పేగుల్లో పెరిగిన కాండిడా వంటి ఈస్ట్ (ఒక రకం ఫంగస్) వల్ల వస్తున్నాయన్న ఊహతో కొందరు పిల్లలకు ఫంగస్ మందులు ఇవ్వడం మొదలైంది.

● కానీ ఈస్ట్‌కు గుర్తుగా చెప్పిన టార్టారిక్ ఆమ్లం చింతపండులోనూ ద్రాక్షలోనూ సహజంగానే పుష్కలంగా ఉంటుంది. అరబినోజ్ పండ్లలోనూ ఉంటుంది. అందుకే తిన్న తిండిని బట్టి మూత్ర పరీక్ష ఫలితం మారవచ్చు.

● 1950లో ఎలిజబెత్ హేజెన్, రాచెల్ బ్రౌన్ ప్రకటించిన నిస్టాటిన్ అనే ఫంగస్ మందును నోటితో తీసుకుంటే దాదాపుగా రక్తంలోకి చేరదు. ఫ్లుకొనజోల్ అనే మరో ఫంగస్ మందు మాత్రం బాగా చేరుతుంది. ఇది అరుదుగా కాలేయాన్ని దెబ్బతీస్తుంది, మరికొన్ని మందులతో కలిస్తే ప్రమాదకరం కావచ్చు.

● ఫంగస్ మందులు ఆటిజాన్ని తగ్గిస్తాయని పటిష్ఠమైన ప్రయోగాలేవీ నిరూపించలేదు. ఆటిజాన్ని నిర్ధారించేది పిల్లల మాట, కలివిడితనం, ప్రవర్తనలను నిపుణులు పరిశీలించడం ద్వారానే. నోట్లో తెల్లటి పొరలా కాండిడా పేరుకోవడం వంటి నిజమైన ఇన్ఫెక్షన్ ఉంటే మాత్రం, ఏ బిడ్డకైనా వైద్యుల పర్యవేక్షణలో ఈ మందులు అవసరమే.