పాటల లోయలో బూడిద ఉప్పు రుచి

సెప్టెంబర్ నెలాఖరు అంటే ఫైనలియర్ వాళ్లకు ఆప్టిట్యూడ్ టెస్టులు, గ్రూప్ డిస్కషన్లు, ‘నీకు షార్ట్‌లిస్ట్ వచ్చిందా?’ అన్న మెసేజ్‌లు. సరిగ్గా ఆ రోజుల్లోనే అరుణాచల్ ప్రదేశ్‌లోని జిరో లోయలో నాలుగు రోజుల సంగీతోత్సవం జరుగుతుంది. రీల్స్ చూసి ‘ఒక్కసారైనా వెళ్లాలి’ అనుకున్నవాళ్లు మీలో చాలామందే ఉంటారు. మీ క్యాంపస్ ఇంటర్వ్యూలు ఆ తేదీల్లోనే పడితే వెళ్లకండి. పండగ ఎక్కడికీ పోదు, వచ్చే ఏడాది చూసుకోవచ్చు. ఆఫర్ లెటర్ చేతికొచ్చి జాయినింగ్ కోసం ఎదురుచూస్తున్నారా? అయితే బ్యాగు సర్దుకోండి. బ్యాండ్ల సంగతి రీల్సే చెబుతాయి. నేను తిండి గురించి చెబుతా.

ఈ పండగను 2012లో ఇద్దరు మొదలుపెట్టారు. ఒకరు స్థానికుడు బాబీ హానో, ఇంకొకరు ఢిల్లీ బ్యాండ్ ‘మెన్‌హూపాజ్’ గిటారిస్టు అనూప్ కుట్టి. వేదికలను వెదురుతో కడతారు. వాటి పేర్లు దాన్యి, పిలో. అక్కడి అపతానీల భాషలో సూర్యుడు, చంద్రుడు అని అర్థం. పగటి కచేరీలు ఒకదాని మీద, రాత్రివి ఇంకోదాని మీద. చుట్టూ కోతకొచ్చిన వరిచేలు. పక్కనే తిండి స్టాళ్లు. మోమోలు, నూడుల్స్ గువాహటిలోనూ దొరుకుతాయి కాబట్టి వాటి దగ్గర ఆగకండి. స్థానిక మహిళలు కట్టెల పొయ్యి పెట్టుకుని కూర్చున్న చోటికి వెళ్లండి.

అక్కడ మొదట అడగాల్సింది తప్యో. చూడ్డానికి నల్లటి మట్టిగడ్డలా ఉంటుంది గానీ అది ఉప్పు. సముద్రం ఎక్కడో ఉంది, ఉప్పు తెచ్చుకోవడం ఒకప్పుడు పెద్ద గగనం. అందుకని అపతానీలు మొక్కల్లోంచే ఉప్పు తీశారు. కొన్ని రకాల మొక్కల్ని ఎండబెట్టి, కాల్చి, ఆ బూడిదను గరాటులాంటి బుట్టలో వేసి నీళ్లు పోస్తారు. కింద చుక్కలు చుక్కలుగా దిగే నీటిని చిక్కబడేదాకా మరిగించి, ఆకుల్లో చుట్టి నిప్పుల సెగకు గట్టిపరుస్తారు. కాస్త గిల్లి నాలుక మీద వేసుకుంటే ముందు పొగ వాసన తగులుతుంది, ఆ తర్వాతే ఉప్పదనం.

ఆ బూడిద నీటిని పిలా అంటారు. దానితో వెదురు కొమ్ములు, పంది మాంసం కలిపి వండేదే పికే పిలా. బూడిదతో వంటేంటి అని మొహం చిట్లించకండి. మన అప్పడాల పిండిలో కలిపే ‘అప్పడాల కారం’ కూడా క్షారమేగా! శనగలు తొందరగా ఉడకాలని అమ్మ వేసే చిటికెడు తినేసోడాదీ అదే పని. ఇంటర్ కెమిస్ట్రీలో ఆమ్లాలు, క్షారాలు బట్టీపట్టిన మనకు ఆ పాఠం గిన్నెలో కనిపించడం బాగుంటుంది.

గ్రూప్స్‌కు చదివేవాళ్ల కోసం చిన్న పిట్టకథ. ఆదిలాబాద్ గోండుల మధ్య, మార్లవాయిలో పనిచేసిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ పేరు మీకు తెలిసే ఉంటుంది. 1944లో ఆయన వెళ్లింది ఈ అపతానీ లోయకే. వీళ్ల మీద 1962లో ఓ పుస్తకం కూడా తెచ్చారు.

ఇక వెదురు. అరకు, మారేడుమిల్లిలో బొంగు చికెన్ తిన్నవాళ్లకు ఇక్కడ సగం పరిచయమే. పచ్చి బొంగులో కోడిమాంసమో, చేపో కూరి, ఆకుతో మూతి బిగించి నిప్పుల మీద తిప్పుతారు. తేడా ఏమిటంటే మన దగ్గర మసాలా దట్టిస్తారు, ఇక్కడ దాదాపు ఉండదు. నూనె కూడా అంతే. మొదటి ముద్దకు చప్పగా అనిపిస్తుంది. నాలుగో ముద్దకు బొంగు వాసన, మాంసం రుచి విడివిడిగా తెలుస్తాయి. గుంటూరు కారం మీద బెంగ పెట్టుకున్నవాళ్లు పక్కన పచ్చడి అడగొచ్చు గానీ జాగ్రత్త. అది భూత్ జొలోకియాతో చేసిందైతే, 2007లో ప్రపంచంలోకెల్లా ఘాటైన మిరపగా గిన్నిస్‌కెక్కింది ఆ రకమే.

చేప దొరికితే అది ఎక్కడ పెరిగిందో అడగండి. చాలామటుకు మీ ఎదురుగా ఉన్న వరిమడినే చూపిస్తారు. అపతానీలు ఒకే మడిలో వరి, బంగారుతీగ చేపలు కలిపి పెంచుతారు. గట్ల మీద రాగులు వేస్తారు. నాగళ్లు లేవు, ఎడ్లు లేవు. అంతా చేతిపనే. ఈ లోయ 2014 నుంచి యునెస్కో తాత్కాలిక జాబితాలో ఉంది.

శాకాహారులకు అన్నం, ఉడికించిన ఆకుకూరలు దొరుకుతాయి. ‘ఇందులో పంది మాంసం కలిసిందా?’ అని ముందే అడగడం మేలు. ఎవరూ ఏమీ అనుకోరు. ఇంట్లో కాచిన బియ్యపు మద్యం కూడా పోస్తారు. వద్దంటే వద్దని నవ్వుతూ చెబితే చాలు.

ఆ డబ్బా మూత తెరిచినప్పుడు

పులియబెట్టిన వెదురు కొమ్ములకు గట్టి వాసన ఉంటుంది, దాచడమెందుకు. ఆ వాసన వెనక ఓ చేదు కథ కూడా ఉంది. 2007లో ఢిల్లీ పోలీసులు ఈశాన్య విద్యార్థుల కోసం ఓ చిన్న పుస్తకం వేశారు. వెదురు కొమ్ములు, అఖునీ లాంటి ‘వాసన వచ్చే’ వంటకాలు ఇరుగుపొరుగుతో గొడవ రాకుండా వండుకోవాలన్నది అందులో ఒక సలహా. అఖునీ అంటే నాగాలు చేసుకునే పులిసిన సోయా. మన ఎండు చేపల పులుసుకు, ఇంగువకు వాసన లేదా? మనకు అలవాటు, అంతే.

ఇది మీకెందుకంటే, రేపు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో మీ పక్క సీటు ఇటానగర్ అమ్మాయిదో, కోహిమా అబ్బాయిదో కావచ్చు. పీజీలో రూమ్మేట్ కూడా కావచ్చు. లంచ్ టైమ్‌లో వాళ్లు డబ్బా తెరిచినప్పుడు ముక్కు మూసుకునేవాళ్లు ప్రతి ఆఫీసులో ఇద్దరు ముగ్గురుంటారు. మరీ దారుణం ఏమిటంటే అదే పెద్ద జోక్ అనుకుంటారు. ‘ఇది పొగబెట్టిందా, పులియబెట్టిందా?’ అని అడగగలిగితే మీరు ఆ గుంపులో లేనట్టే. ఆ ప్రశ్న జిరోలో పొయ్యి దగ్గర గంటసేపు కూర్చుంటే దానంతటదే వస్తుంది. పొయ్యికి పైన వేలాడే వెదురు తట్టలో మాంసం రోజుల తరబడి పొగకు ఎండుతుంటుంది. ఫ్రిజ్ లేని కాలం నాటి ఏర్పాటు అది. ఇప్పటికీ ఆ రుచి కోసం మానలేదు.

కివీ పండు, ఓ ఇంజినీరు

జిరో అనగానే వినిపించే ఇంకో పేరు కివీ. ఇక్కడి తోటల్లో పంట బాగా వచ్చినా కొనేవాళ్లు లేక రైతులు ఇబ్బంది పడ్డారు. నిర్జులీలోని నెరిస్ట్‌లో అగ్రికల్చరల్ ఇంజినీరింగ్ చదివిన తాగే రీతా ఆ పండుతో వైన్ తయారీ పెట్టారు. 2017లో ‘నారా ఆబా’ పేరుతో మార్కెట్లోకి తెచ్చారు. 2021 సంవత్సరానికి నారీశక్తి పురస్కారం అందుకున్నారు. మీరు వైన్ తాగుతారా లేదా అన్నది పక్కన పెట్టండి. అగ్రి, ఫుడ్ టెక్నాలజీ, కెమికల్ బ్రాంచీల వాళ్లు గమనించాల్సింది, ఊళ్లో మిగిలిపోతున్న పంటకు ప్రాసెసింగ్ చేర్చిన ఆ పద్ధతిని. మన నూజివీడు మామిడి, అరకు కాఫీ దగ్గరా ఇదే లెక్క వేసి చూడొచ్చు.

వెళ్లేవాళ్లకు

అరుణాచల్‌లో అడుగుపెట్టాలంటే మనకు కూడా ఇన్నర్ లైన్ పర్మిట్ కావాలి. ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు. సికింద్రాబాద్ నుంచి గువాహటికి రైల్లో సుమారు రెండు రోజులు. అక్కడి నుంచి రాత్రి రైలెక్కితే పొద్దుటికి నాహర్లగున్. ఆపైన షేర్ సుమోలో నాలుగైదు గంటల ఘాట్ రోడ్డు. లోయ 1,500 మీటర్లకు పైనే ఉంది కాబట్టి రాత్రిళ్లు చలి ఖాయం. వాన పడితే మైదానమంతా బురదే, గంబూట్లు హపోలీ బజారులో కొనుక్కోండి. నెట్‌వర్క్ మొరాయిస్తే యూపీఐ పనిచేయదు. నగదు ఉంచుకోండి.

బడ్జెట్ తక్కువైతే టెంటు బదులు నలుగురు కలిసి అపతానీ ఇంట్లో హోమ్‌స్టే చూసుకోండి. గదులు తొందరగా అయిపోతాయి, టికెట్‌తో పాటే బుక్ చేయాలి. స్టాల్‌లో కన్నా ఆ ఇంటి పొయ్యి దగ్గర తినేదే బాగుంటుందని నా అభిప్రాయం. బొంగులో చేప కావాలంటే మాత్రం ఇంటి ఆంటీకి పొద్దున్నే చెప్పి పెట్టండి. సాయంత్రం పిలో వేదిక మీద పాట మొదలయ్యేలోపు తినేసి బయల్దేరొచ్చు.