లారీ కిరాయి - కడపటి బాకీ

భద్రాచలం వద్ద గోదావరిపై వంతెన 1965లో తెరువబడినది. అంతకు మున్ను సరకులు, మనుష్యులు పడవలపై ఏరు దాటవలసి యుండెడిది. నేడా వంతెన మీదుగా 30వ జాతీయ రహదారి సాగిపోవుచున్నది. నది దాటిన కొద్ది దూరమునకే తెలంగాణ ముగిసి ఆంధ్రప్రదేశ్ వచ్చును; చింతూరు అడవి గడచిన పిదప కుంట వద్ద ఛత్తీస్‌గఢ్ మొదలగును. కొత్తగూడెంలో బయలుదేరిన లారీ ఒక్క పగటిలో మూడు రాష్ట్రముల నేల త్రొక్కును. దానికి రావలసిన కిరాయిలో కడపటి భాగము మాత్రము, బయలుదేరిన ఊరిలోనే, ఒక చిన్న ఆఫీసు గదిలో, ఒకరి పద్దు పుస్తకమునందు నిలిచి యుండును. ఆ బాకీ సంగతియే నేడు మనము ముచ్చటించుకొందము.

ఖమ్మం పరిసరముల గ్రానైటు రాయి, మార్కెట్టు మిర్చి, కొత్తగూడెం, మణుగూరు ప్రాంతముల బొగ్గు, సారపాక కాగితపు మిల్లునకు చేరు జామాయిల్, సుబాబుల్ కలప - ఈ సీమలో లారీలు మోయవలసిన సరకులు పెక్కు. కాని సరకు గలవానికి లారీ గలవాడు తెలియడు. లారీ గలవానికి సరకు గలవాడు తెలియడు. ఇరువురిని కలుపువాడు లారీ ఆఫీసు బ్రోకరు. దళారి యని అతనిని తేలికగా మాటాడుట న్యాయము కాదు. సరకు దించి పరాయి ఊరిలో ఖాళీగా నిలిచిన లారీకి తిరుగు లోడు చూపువాడతడే. వర్తకుడు సొమ్ము ఆలస్యము చేసినపుడు తన చేతి డబ్బు అడ్వాన్సుగా ఇచ్చువాడును పెక్కుసార్లు అతడే. లారీ దారిలో చెడినను, సరకు వానకు తడిసినను మొదట మాట పడువాడును అతడే.

మరి తగవెక్కడ వచ్చును? ఒక లెక్క వేసి చూతము. కిరాయి 40,000 రూపాయలకు కుదిరినదనుకొందము. లోడు ఎత్తిన నాడు 32,000 అడ్వాన్సు. మిగిలిన 8,000, సరకు దించి, పుచ్చుకొన్నవాని సంతకముతో రసీదు తెచ్చి యిచ్చిన పిమ్మట. అడ్వాన్సు డీజిలునకు, టోల్ గేట్లకు, డ్రైవరు బత్తాకు చాలవరకు చెల్లిపోవును. యజమానికి మిగులునదేదైన ఉన్నచో అది ఆ 8,000లోనే యున్నది. బండి మీది అప్పునకు కిస్తీ, టైర్ల ఖర్చు, ఇంటి బియ్యము అందుండియే రావలెను. ఒకటి రెండు లారీలే ఆధారముగా గల కుటుంబమునకు ఆ మొత్తము రాకపోయిన, ప్రయాణమంతయు ఉత్తచాకిరి యైనట్లే.

ఇందొక మెలిక కలదు. సరకు లారీపై నున్నంతసేపు ఒకరి అవసరము మరొకరికి కలదు. సరకు దిగినంతనే ఆ సమతూకము మారిపోవును. లారీవాడు చేయవలసినది ముగిసినది; బ్రోకరు చేయవలసినది మిగిలి యున్నది. అప్పుడు వినవచ్చు మాటలు రెండు: "పార్టీ ఇంకా డబ్బులు వేయలేదు", "కాటాలో తూకం తగ్గింది". రెండును నిజము కావచ్చును, రెండును సాకులు కావచ్చును. కాగితము లేనిచో తేల్చుట కష్టము. అందుచే నిజాయితీ గల బ్రోకరు సైతము అనుమానము పాలగుచున్నాడు. మనుష్యులు చెడ్డవారగుటకంటె షరతులు నోటిమాటగా మిగిలిపోవుటయే నమ్మకము చెడుటకు ముఖ్యకారణమని మా అభిప్రాయము.

చట్టము ఈ విషయమున మౌనముగా లేదు. 1865 నాటి క్యారియర్ల చట్టమునకు బదులుగా 2007లో రోడ్డు రవాణాకు క్రొత్త చట్టము చేయబడి 2011లో అమలునకు వచ్చినది. సరకు రవాణా వ్యాపారము చేయువారు రిజిస్టరు కావలెనని, సరకునకు రసీదు ఇయ్యవలెనని అది విధించినది. తన నిర్వచనములో బ్రోకరును గూడ చేర్చుకొన్నది. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 230వ సెక్షను మరియొక మేలైన మాట చెప్పును. తన వెనుకనున్న యజమాని పేరు వెల్లడింపక ఒప్పందము చేసిన ఏజెంటు, వేరు ఒడంబడిక లేనిచో, తానే బాధ్యుడని భావింపబడును. కావున "పార్టీ ఇవ్వలేదు" అన్నప్పుడు "ఏ పార్టీ?" అని అడుగుట లారీ యజమానికి న్యాయమైన ప్రశ్న.

2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టము మరియొక అండ. దాని క్రింద నమోదైన చిన్న సంస్థకు ఒప్పుకొన్న గడువు ఏదైనను 45 దినములు మించరాదు. గడువు వ్రాసికొననిచో 15 దినములే. మించినచో బ్యాంకు రేటునకు మూడింతలు చక్రవడ్డీ పడును. ఫిర్యాదునకు ఫెసిలిటేషన్ కౌన్సిలు కలదు. ఈ నమోదు సరకు మోయుటకు ముందే చేయించుకొనుట క్షేమము.

ఇతర దేశముల వారికిని ఈ చిక్కు తప్పలేదు. అమెరికాలో సరకు బ్రోకరు 75,000 డాలర్ల పూచీ చూపనిదే వ్యాపారము చేయరాదని 2013 అక్టోబరు నుండి నియమము. కిరాయి అందని లారీవారు ఆ పూచీపై హక్కు అడుగవచ్చును. అప్పులవారు పెక్కుమందియైనచో ఆ మొత్తము అందరికిని చాలదు. ఐనను నమ్మకమునకు ఒక అంకె కట్టి ముందుగా చూపుమనుట గమనింపదగినది.

మనవారు తమంతట తాము చేయగలది కొంత కలదు. లోడు ఎత్తకముందే ఒక చీటీపై ఇవి వ్రాసికొనవలెను: సొమ్ము ఇచ్చువాడెవరు, మొత్తమెంత, అడ్వాన్సెంత, మిగిలినది ఏ తేదీకి, దించుటకు ఆలస్యమైన హాల్టింగు ఎంత, తూకపు తేడా ఏ కాటాపై చూతురు. ఎత్తిన చోటను దించిన చోటను కాటా చీటీలు దాచవలెను. సంతకమైన రసీదును అక్కడికక్కడే ఫోనులో ఫొటో తీసి పంపవలెను. బ్రోకరు కూడ, వర్తకుని సొమ్ము ఆలస్యమగునని తెలిసిన నాడే ఆ మాట చెప్పవలెను. తేదీ దాటిన పిదప చెప్పిన నిజము సాకువలె వినబడును.

ఇంట రేడియో వినుచున్న గృహిణికి లారీ బాకీతో పని యేమని తోచవచ్చును. పండుగ నాటికి కొడుకు ఇల్లు చేరునా, పిల్లవాని బడి ఫీజు కట్టుదురా అనునవి, ఈ సీమలో కొన్ని యిండ్లలో, ఆ 8,000 రూపాయలపై ఆధారపడి యున్నవి. తిరిగి వచ్చిన లారీవానిని ఈసారి మీరే అడుగుడు: "చీటీ వ్రాయించుకొన్నావా, నాయనా?"